తల ఊపితే తిప్పండి, అంకుల్

న్యూయార్కు నగరం. పేరు మోసిన సంగీతశాల. రెండువేల మంది లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు. వెలుగంతా వేదిక మీదే ఉంది. వేదిక మీద ఇద్దరమే ఉన్నాం. నల్లటి పియానో ముందు ఆవిడ, ఆవిడ పక్కన నేను. ఆ చప్పట్లలో నా వాటా ఎంతని ఎవరైనా అడిగితే, సగానికి తక్కువ చెప్పడానికి నా మనసొప్పదు.

ఈ కథ ఇలాగే మొదలుపెట్టి చాలామందికి చెప్పాను. గుంటూరులో ఉన్న మా బావమరిదికి ఫోన్‌లో చెప్పాను. గుళ్ళో ప్రసాదం వరసలో నా ముందు నిలబడ్డవాళ్ళకీ, వెనక నిలబడ్డవాళ్ళకీ చెప్పాను. పళ్ళ డాక్టరు నా నోట్లో చెయ్యి పెట్టి ఉండగా కూడా చెప్పబోయాను. ఇప్పుడు కాగితం మీద పెట్టవలసి వచ్చింది గనక కాస్త సర్దుకుంటాను. అది న్యూయార్కు కాదు. న్యూయార్కుకి గంట దూరం, అదీ దారి ఖాళీగా ఉంటే. ఐసెలిన్ అనే ఊరి పక్కన ఒక మిడిల్ స్కూలు ఆడిటోరియం. రెండువేల మంది పట్టే చోటు కాదు, పట్టినంత మందీ రాలేదు, వచ్చినవాళ్ళలో చాలామంది వరండాలో మిరపకాయ బజ్జీల దగ్గరే ఉండిపోయారు. పియానో మాత్రం నల్లదే. జనం లేచి నిలబడ్డారన్నది అక్షరాలా నిజం. ఎందుకు నిలబడ్డారో ఆ చోటు వచ్చినప్పుడు చెబుతాను.

ఆవిడ పోయి నెల దాటింది. మా తెలుగు సంఘం పత్రిక చూసే ఆయన ఫోన్ చేశాడు.

"అంకుల్, మీరు ఆవిడకి బాగా క్లోజ్ కదా. ఒక పేజీ రాసివ్వండి. ఎక్కడ పుట్టారు, ఏం చదివారు, అవార్డ్స్ ఏంటి, ఒక మంచి ఫోటో."

సరేనన్నాను. తీరా కూర్చుంటే వీటిలో ఏ ఒక్కటీ నాకు తెలియదని తేలింది. మూడేళ్ళ పిల్లగా ఈ దేశం వచ్చిందని తెలుసు. ఒహాయోలో పెరిగిందనీ, వాళ్ళ నాన్నగారు అక్కడ కాలేజీలో ఇంజనీరింగు చెప్పేవారనీ తెలుసు. దేశదేశాల్లో పెద్ద హాళ్ళలో పియానో వాయించిందని తెలుసు, అదీ ఇతరులు చెబితే. పేరు తెలుసుగానీ ఇక్కడ రాయను. రాస్తే మీరు ఫోన్‌లో వెతుకుతారు. నేను చెప్పబోయేవి అందులో ఉండవు. అప్పుడు అబద్ధాలకోరునని నన్నే అంటారు.

మా వాళ్ళు ఆవిడ గురించి మొట్టమొదట చెప్పేది ఆవిడ నమస్కారం. ఎవరు చెయ్యి చాపినా చెయ్యి అందించేది కాదు. రెండు చేతులూ గుండె దగ్గర జోడించి తల వంచేది. ఆ నమస్కారం మీద మా సంఘం అధ్యక్షులవారు ఒక సభలో పావుగంట మాట్లాడారు. ఊహ తెలియని వయసులో వచ్చి, ప్రపంచమంతా తిరిగి, తెల్లవాళ్ళ వాద్యం వాయిస్తూ కూడా మన సంస్కారం మరవని ఆడపడుచు అన్నారు. తల్లులందరూ తమ పిల్లల్ని మోచేత్తో పొడిచారు. ఆవిడ ముందు వరసలో బుద్ధిగా విని నావైపు వంగింది.

"షేక్‌హ్యాండ్ ఇస్తే వేళ్ళు నలిపేస్తారు అంకుల్. ఒక ఊళ్ళో మేయర్ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఆ రోజు కాన్సర్ట్ మొత్తం పెయిన్. అప్పట్నుంచీ నమస్తే. ఆయనకి చెప్పకండి, పాపం."

ఆవిడ తెలుగులో మాటలు తక్కువ. చిన్నప్పుడు వంటింట్లో అమ్మ నోట విన్నవే. ఆ కొద్దిమాటల్లో 'పాపం' అన్నది అన్ని పనులూ చేసేది. శ్రుతి తప్పిన పియానో పాపం. మంచులో ఇరుక్కున్న కారు పాపం. కొత్త సినిమా తీసి నష్టపోయిన మా సంఘం కోశాధికారి కూడా పాపమే.

ఇక పిలుపు సంగతి. నాకు అప్పటికి డెబ్భై. ఆవిడకీ యాభై దాటి చాలాకాలమైంది. అయినా మొదటి రోజునుంచీ నన్ను అంకుల్ అనే అంది. 'అన్నయ్యగారూ' అనొచ్చని ఒకటి రెండుసార్లు సూచించాను.

"అది లాంగ్‌గా ఉంది అంకుల్," అంది.

మొదట కలిసింది ఒక గృహప్రవేశంలో. కొత్తగా మా పక్క వీధిలోకి వచ్చిందని ఇంటివాళ్ళు ఆవిణ్ణీ పిలిచారు. హాల్లో పెద్ద పియానో ఉంది. మనవాళ్ళ ఇళ్ళలో పియానో ఎంత ఉపయోగమో మీకు తెలుసు. దాని మీద పెళ్ళి ఫోటోలు, పిల్లల ట్రోఫీలు, తిరుపతి లడ్డూ డబ్బా, ఇంటర్నెట్ పెట్టె. ఆవిడ వాటినన్నిటినీ ఒక్కొక్కటిగా తీసి సోఫా మీద పెట్టింది. మూత తెరిచింది. ఒక్క మీట నొక్కి, ఆ చప్పుడు పూర్తిగా చచ్చిపోయేదాకా చెవి ఒగ్గి విన్నది. మూత మూసింది. లడ్డూ డబ్బాతో సహా అన్నీ ఎక్కడివక్కడ పెట్టేసింది.

"పాపం," అంది.

ఇంటావిడ మురిసిపోయింది. "మా బాబు పియానో పరీక్షల్లో లెవెల్ ఫైవ్ అండీ. కాలేజ్ అప్లికేషన్స్ టైముకి లెవెల్ టెన్ చేయించాలి. మీరు టేకప్ చేస్తారా?"

"బాబుకి వినడం వచ్చా?" అని అడిగింది ఆవిడ.

ఇంటావిడకి ప్రశ్న అర్థం కాలేదు. చెవుల డాక్టరు గురించి అనుకుని, అన్ని టెస్టులూ నార్మలేనని చెప్పింది.

తర్వాత మా ప్రాంతంలో చాలామంది పిల్లలు ఆవిడ దగ్గరికి వెళ్ళారు, చాలామంది మానేశారు. మొదటి పాఠంలో మీట ముట్టుకోనిచ్చేది కాదట. ఊరికే కూర్చోబెట్టి తను వాయిస్తూ వినమనేదట. తల్లిదండ్రులు ఇంత దూరం డ్రైవ్ చేసుకుని వస్తే పిల్లవాడు వేలైనా కదపలేదని సంఘంలో ఫిర్యాదు చేశారు. సాంస్కృతిక కార్యదర్శిని గనక ఆ ఫిర్యాదులన్నీ నా దగ్గరికే వచ్చేవి. ఒకసారి నేనూ అక్కడ ఉండగా ఒక తల్లి గట్టిగా చెప్పింది, మా అమ్మాయి రోజూ గంట ప్రాక్టీసు చేస్తుందండీ అని. ఆవిడ ఆ అమ్మాయివైపు తిరిగి నెమ్మదిగా చెప్పింది.

"మమ్మీకి చెప్పు, పరవాలేదు. పియానోకి చెప్పకు. పియానోకి తెలుసు."

మా ఇంటికి మాత్రం తరచూ వచ్చేది. నా కబుర్ల కోసమని చెబుతుండేవాణ్ణి. నిజానికి మా ఆవిడ పెట్టే ముద్దపప్పూ ఆవకాయా కోసం. ఆవకాయ సీసా మూత తను తీసేది కాదు. కారు తలుపు తను వేసేది కాదు. కూరలు తరిగేది కాదు. మా ఆవిడే మూత తీసేది, మా ఆవిడే తలుపు వేసేది. వాళ్ళిద్దరూ వంటింట్లో గంటలు గంటలు ఏం మాట్లాడుకునేవారో నాకు తెలియదు. నేను వెళితే ఆపేసేవారు.

తన వృత్తి గురించి అడిగితే ఒక్క ముక్కలో తేల్చేది. "ఎయిర్‌పోర్ట్, హోటల్, పియానో, హోటల్, ఎయిర్‌పోర్ట్. మధ్యలో పియానో బాగుండేది." అదీ అన్ని ఊళ్ళలోనూ కాదట. వయొలిన్ మనిషి తన వయొలిన్ తను తెచ్చుకుంటాడు. పాడేవాళ్ళకి గొంతు ఉంటుంది. పియానో వాళ్ళకి మాత్రం ఏ ఊరు వెళితే ఆ ఊరి పియానోయే. "రోజుకో అద్దె కారు అంకుల్. బ్రేక్ ఎక్కడుందో తెలిసేలోపు రేస్ అయిపోతుంది." అందుకని కొత్త పియానో ముందు కూర్చోగానే దాని పక్క తట్టి, పెదవులు కదిపి ఏదో అనుకునేది. అది హిందూ మంత్రమని ఒక పేపరువాడు రాశాడట. ఆ అనుకునేది "ఏం, బాగున్నావా?" అని.

పేపరువాళ్ళ సంగతి అదొక వినోదం. ఆవిడ నెమ్మదిగా వాయిస్తే తూర్పుదేశపు ప్రశాంతత అని రాసేవారు. వేగంగా వాయిస్తే తూర్పుదేశపు అగ్ని అని రాసేవారు. ఆవిడ వాయింపులో గంగానది వినబడిందని ఒకాయన రాశాడు.

"గంగ చూశావా అమ్మా?" అని అడిగాను.

"ఒకసారి. ముక్కు మూసుకుని. నాకు తెలిసిన నది ఒహాయోలో మా స్కూల్ వెనక ఉండేది. అది ఎవరికీ వినిపించలేదు, పాపం."

తెల్లవాళ్ళకి గంగ కావలసి వస్తే మనవాళ్ళకి సినిమా పాట కావలసి వచ్చింది. ఎక్కడ కనబడినా, "మీరు పియానో అట కదా, ఏదైనా మన పాట వాయించండి" అనేవారు. రాదనేది. అది పొగరని కొందరన్నారు. పాపం, నిజంగానే రాదు.

అలాంటి మనిషి ఉన్నట్టుండి కచేరీలు మానేసింది. ఎందుకని ఎవరడిగినా ప్రయాణాలు విసుగొచ్చాయని చెప్పేది. ఒక ఆదివారం మా ఇంట్లో భోజనం చేస్తూ అసలు సంగతి మా ఇద్దరికీ చెప్పింది. కుడిచేతి ఉంగరం వేలూ, చిటికెన వేలూ పియానో మీద పెట్టగానే వాటంతటవే లోపలికి ముడుచుకుపోతున్నాయట. నొప్పి లేదు, వాపు లేదు. చిన్నప్పట్నుంచీ ఒకే పని చేయించగా మెదడుకీ వేళ్ళకీ మధ్య ఏదో పాడైందని, ఇది పూర్తిగా బాగుపడటం అరుదని డాక్టర్లు చెప్పారట.

"చూడండి, అన్నం కలుపుతున్నా. బాగానే ఉన్నాయి కదా," అంది. చెయ్యి కడుక్కొచ్చి, భోజనాల బల్ల అంచు మీద వేళ్ళు పెట్టి పియానోలాగే వాయించింది. పది వేళ్ళూ చక్కగా పరిగెత్తాయి. "ఇక్కడ కూడా బాగానే ఉంటాయి. ఇది టేబుల్ అని వాటికి తెలుసు."

నేను ఓదార్చాలని, ఈ ఇంట్లో నా మాటా ఎవరూ వినరన్నాను. మా ఆవిడ నావైపు చూసిన చూపుకి ఆవకాయ ముక్క గొంతుకి అడ్డం పడింది.

అప్పుడు చెప్పింది చికాగో సంగతి. అక్కడొక పెద్ద హాలువాళ్ళు వచ్చే ఏడాది కచేరీకి అడిగారు. ఆ నెలాఖరులోగా అవుననో కాదనో చెప్పాలి.

"ఇంట్లో ఒక్కదాన్నే ఉంటే ఒక్కోసారి వాయించడం వస్తోంది అంకుల్. జనం ముందు వస్తుందో రాదో తెలియదు. వస్తే చికాగో వెళ్తా. రాకపోతే ఇంక ఎవరి ముందూ వాయించను. ఏదో ఒకటి తెలియాలి. తెలియకుండా ఉండటం నా వల్ల కావట్లేదు."

"ఎక్కడైనా చిన్న చోట వాయించి చూసుకోకూడదా?"

"ఎంత చిన్న చోటైనా మ్యూజిక్ తెలిసినవాళ్ళు ఒకరుంటారు. తప్పు వస్తే పొద్దున్నకి అందరికీ తెలుస్తుంది." చెయ్యి తుడుచుకుంటూ ఆగిపోయింది. అంతవరకూ నేనక్కడ లేనట్టూ, ఇప్పుడే కనబడ్డట్టూ నావైపు చూసింది. "అంకుల్, మీ దీవాళీ ఫంక్షన్ ఎప్పుడు?"

ఇక్కడ ఇంకొకటి ఒప్పుకోవాలి. మా వేదిక మీద వాయించమని నేను ఆవిణ్ణి నెలల తరబడి బతిమాలి ఒప్పించానని సంఘంలో చెప్పుకున్నాను. అలా జరగలేదు. అడిగింది ఆవిడే.

"మా ఫంక్షన్ దేనికమ్మా? నీ స్థాయికి..."

"అక్కడ ఎవరికీ ఏమీ తెలియదు కదా."

మా ఆవిడ నవ్వు దాచుకోడానికి పెరుగు తెస్తానని లేచింది.

"ఈసారి ఎదురుగా నోట్స్ పెట్టుకోవాలి. ఎప్పుడూ పెట్టుకోలేదు, కానీ భయంగా ఉంది," అంది ఆవిడ. "పేజీలు తిప్పడానికి ఒకరు కావాలి. మీకు నోట్స్ చదవడం వచ్చా అంకుల్?"

"రాదు."

"గుడ్. చదవడం వచ్చినవాళ్ళు నా వేళ్ళు చూస్తారు. మీరు నా మొహం చూస్తూ ఉండండి. తల ఊపితే తిప్పండి. ఊపకపోతే తిప్పకండి."

దానికోసం నేను ఇంట్లో సాధన చేశాను. మా ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి తల ఊపమన్నాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో తను నాకు తల ఊపింది ఆ వారమే.

కమిటీ మీటింగులో పెద్ద గొడవైంది. అరగంట పాటలేని సంగీతమా, మధ్యలో ఒక సినిమా పాట పెడితేగానీ జనం ఆగరన్నారు. చివరికి చిన్నపిల్లల కూచిపూడికీ, పట్టుచీరల ఫ్యాషన్ షోకీ మధ్య ఆవిడకి చోటిచ్చారు. అరగంట దాటితే భోజనాలు చల్లారిపోతాయని వంటవాళ్ళ తరఫున నాకు చెప్పి ఉంచారు.

ఆ రోజు స్కూలుకి వెళ్ళేసరికి వాలంటీర్లు పియానోని గోడవైపు తిప్పేసి ఉంచారు. మామూలుగా పెడితే దాని రెక్కలాంటి మూత వెనకున్న బ్యానరుకి అడ్డం వస్తోందట. బ్యానరు మీద ఆ కార్యక్రమానికి విరాళమిచ్చిన రియల్ ఎస్టేట్ ఆయన ఫోటో ఉంది. అలా తిప్పితే వాయించే మనిషి వీపు తప్ప జనానికి ఏమీ కనబడదు. మూసిన మూత మీద పూలకుండీ, కొబ్బరికాయ, దీపపు కుందె పెట్టారు. నేను కేకలు వెయ్యబోయాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"వీపు కనబడితే నాకే మంచిది అంకుల్."

దీపపు కుందెనీ, కొబ్బరికాయనీ, పూలకుండీనీ ఒక్కొక్కటిగా తీసి కింద పెట్టింది. పియానో పక్క తట్టి పలకరించింది. నేను మైకు పట్టుకుని పరిచయం మొదలుపెట్టాను. గంగానదిదాకా వచ్చేసరికి వెనకనుంచి ఒక్క మీట మోగింది. ఇంక చాలని అర్థం. వెళ్ళి ఆవిడ ఎడంపక్క కుర్చీలో కూర్చున్నాను. పేజీలు తిప్పేవాళ్ళు ఎడంపక్కే కూర్చోవాలట.

ఆవిడ ఎంచుకున్నది మూడు భాగాల పెద్ద రచన. నేను చూసింది చూసినట్టు రాస్తున్నాను. మొదటి భాగంలో రెండు చేతులూ పరిగెత్తాయి. వెనక పిల్లలు కుర్చీల మధ్య పరిగెత్తారు. నా కళ్ళు ఆవిడ మొహం మీదే ఉన్నాయి. తల ఊపింది, తిప్పాను. ఊపింది, తిప్పాను. ఒక్క తప్పు చెయ్యలేదు, అంటే నేను.

రెండో భాగం నెమ్మదైనది. అది సగంలో ఉండగా ఆవిడ పెదవి బిగిసింది. కుడిచెయ్యి పైకి లేపి, నీళ్ళు దులిపినట్టు విదిలించి మళ్ళీ పెట్టింది. కొంతసేపటికి మళ్ళీ విదిలించింది. పెద్ద విద్వాంసుల ధోరణి అలాగే ఉంటుందనుకున్నాను. ఆ భాగం అయిపోగానే రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చుంది.

అంతా అయిపోయిందనుకున్నారు అధ్యక్షులవారు. ఓక్ ట్రీ రోడ్డు మీది మనవాళ్ళ కొట్లో కొన్న శాలువా పట్టుకుని, వెనక కమిటీ అంతటితో, ఫోటోగ్రాఫరుతో వేదిక ఎక్కేశారు. ఇంకో భాగం ఉందని నేను చేతులూపుతున్నా వినలేదు. ఆవిణ్ణి నిలబెట్టి భుజాల చుట్టూ శాలువా కప్పారు. కంచు గణపతిని చేతికిచ్చారు. రియల్ ఎస్టేట్ ఆయన కుటుంబసమేతంగా ఫోటో దిగాడు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడ మాత్రం ఒక్కొక్కరికీ వంగి నమస్కారం పెట్టింది. కమిటీ దిగిపోయాక చాలాసేపు పియానోవైపు చూస్తూ నిలబడి, శాలువా తియ్యకుండానే వచ్చి కూర్చుంది.

"శాలువా తీసి ఇవ్వమ్మా, పట్టుకుంటా," అన్నాను.

"ఉండనివ్వండి అంకుల్. మూడోది తెరవండి."

మూడో భాగాన్ని ఎలా వర్ణించను. మొదటి రెండిట్లో ఉన్న హడావుడి ఒక్కటీ లేదు. కింద ఎక్కడో బరువైన అడుగులు పడుతున్నట్టు, నడుస్తున్న మనిషి మాటిమాటికీ ఆగి ఎవరికోసమో చూస్తున్నట్టు ఉంది. మధ్యమధ్య పెద్ద పెద్ద ఖాళీలు. ఆ ఖాళీల్లో ఆవిడ పెదవులు కదిలేవి, చప్పుడు వచ్చేది కాదు. పేజీ చివర తల ఊపేది, నేను తిప్పేవాణ్ణి. పిల్లలు కూడా ఎందుకో ఆగిపోయారు. ఆఖరి మీట మోగి, దాని చప్పుడు చచ్చిపోయిన క్షణంలో హాలు తలుపులు తెరుచుకున్నాయి. వంటల బృందం నాయకుడు పులిహోర వాసనతో సహా లోపలికి తొంగిచూసి, రండి అన్నట్టు చెయ్యి ఊపాడు. జనమంతా ఒక్కసారి లేచారు. లేచిన ఊపులో చప్పట్లు కూడా కొట్టారు. ఫ్యాషన్ షో భోజనాల తర్వాతకి వెళ్ళిపోయింది.

నేను ఫోటోల కోసం ఉండిపోయాను. మా ఆవిడ ఆవిణ్ణి కారులో ఇంటి దగ్గర దింపింది.

ఆ వారంలోనే ఆవిడ చికాగో వాళ్ళకి కాదని చెప్పేసింది. తర్వాత ఎక్కడా వాయించలేదు. పాఠాలు చెప్పుకుంటూ, మా ఇంట్లో పప్పు తింటూ, పోయేదాకా అలాగే ఉంది. నేను ఎప్పుడూ కారణం అడగలేదు. అడగవలసిన అవసరం కనబడలేదు, ఎందుకంటే కారణం నాకు తెలుసు.

అదే పోయిన ఆదివారం సంతాపసభలో చెప్పాను. లైబ్రరీ గదిలో సభ. అధ్యక్షులవారు మళ్ళీ నమస్కారం గురించి మాట్లాడి కూర్చున్నాక నేను లేచాను. ఆ రోజు మన వేదిక మీద ఆవిడ గెలిచిందన్నాను. వేళ్ళని గెలిచింది, భయాన్ని గెలిచింది. తనవాళ్ళ ముందు వాయించాక ఇక చికాగో ఎందుకనుకుంది, శిఖరం మీద నిలబడి చాలనుకున్న మనిషి అన్నాను. ఆ మూడో భాగం గురించి ప్రత్యేకంగా చెప్పాను. తర్వాత అదే రచనని పెద్ద పెద్దవాళ్ళు వాయించగా రికార్డుల్లో విన్నాననీ, అందరూ దాని మీద ఏవేవో స్వరాలు గుమ్మరించి పాడుచేశారనీ, ఖాళీ విలువ తెలిసింది ఆవిడ ఒక్కదానికేననీ చెప్పాను. ఇదంతా పత్రికలో రాస్తున్నానని కూడా ప్రకటించాను. చప్పట్లు బాగానే పడ్డాయి.

తిరిగి వచ్చేటప్పుడు మా ఆవిడే డ్రైవ్ చేసింది. నా కంటిచూపు తగ్గాక కారు తన చేతికి పోయింది. పార్కింగ్ లాట్ దాటేదాకా చూసి నేనే అడిగాను.

"ఎలా ఉంది స్పీచి?"

"పొడుగ్గా ఉంది."

"మూడో భాగం గురించి చెప్పినప్పుడు చూశావా? వెనక వరసలో ఒకావిడ కళ్ళు తుడుచుకుంది."

"చూశాను." సిగ్నల్ దగ్గర ఆపింది. "ఆవిడ చెప్పొద్దంది కాబట్టి ఇన్నేళ్ళూ ఊరుకున్నాను. ఇప్పుడు మీరు అచ్చేయిస్తానంటున్నారు కాబట్టి చెప్తున్నాను. మూడో భాగం ఆవిడ వాయించలేదండీ."

"వాయించకపోవడమేమిటి? పక్కన కూర్చుని పేజీలు తిప్పింది నేను."

"సగమే వాయించింది. ఎడంచేతిది. రెండో భాగంలోనే ఆ వేళ్ళు ముడుచుకుపోయాయి. లేచి వెళ్ళిపోదామనుకుంటూ ఉంటే మీ అధ్యక్షుడు శాలువా పట్టుకుని ఎక్కాడు. అది కప్పాక కుడిచెయ్యి ఎవరికీ కనబడదని తెలిసింది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని, ఎడంచెయ్యి ఒక్కదాంతో చివరిదాకా లాగింది. అసలు పాటంతా కుడిచేతిలో ఉందట. అది మనం ఎవరమూ వినలేదు."

పచ్చలైటు పడింది. వెనకవాడు హారన్ కొట్టాడు. తను తొందరపడకుండా కారు కదిలించింది.

"మరి ప్రతి పేజీకీ నాకు తల ఊపింది కదా," అన్నాను.

"కుడిచేతిది లోపల పాడుకుంటూ ఉంది. పేజీ అయిపోయినప్పుడు ఊపింది. మీరు తిప్పారు. మీ పని మీరు సరిగ్గానే చేశారు."

"చికాగో?"

"చికాగో ఏముంది. ఆ రోజుతో తేలిపోయింది. వాయించాక ఇంక చాలనుకోలేదండీ ఆవిడ. రాలేదు, మానేసింది. అంతే."

లెఫ్ట్ తీసుకుని మా వీధిలోకి వచ్చాం. నాకు ఒక్కటే అడగాలనిపించింది.

"ఏడ్చిందా?"

"లేదు. ఇప్పుడు మీరు కూర్చున్న సీట్లోనే కూర్చుంది. దారిలో జరిగిందంతా చెప్పింది. ఇల్లు వస్తుందనగా అడిగింది, ఆంటీ, ఎవరికైనా తెలిసిందా అని."

"నువ్వేమన్నావు?"

"పక్కనే కూర్చున్న మా ఆయనకే తెలియలేదు, ఇంకెవరికి తెలుస్తుందమ్మా అన్నాను."